కదలని చెయ్యి

ప్రొద్దుటూరు,
జూన్ 12.

నా చేతి కొలత దారంతో తీసుకుని, ఆ కొలతకే ఇనుప చెయ్యి బిగించి, నన్ను ఆపరేషన్ టేబుల్ దగ్గర నుంచి తరిమేశావు. చేసింది నువ్వే మామా. కాదని రాయొద్దు.

ఈ రోజు పొద్దున థియేటర్లోకి పోయేసరికి టేబుల్ పక్కనున్న కమ్మీకి అది బిగించి ఉంది. మనిషి చెయ్యి లాగానే భుజం, మోచెయ్యి, మణికట్టు. నడుమ ఒక మర. ఆ మర తిప్పితే కీళ్లన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. పైన ప్లాస్టిక్ తొడుగు. రమణి మేడం గ్లౌజులు వేసుకుంటూ, ఈ రోజు కెమెరా ఇది పట్టుకుంటుంది, నువ్వు పక్కన నిలబడి చూడు తనూజా అన్నారు. నెమ్మదిగానే అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

నిలబడి చూశాను. పిత్తాశయంలో రాళ్లున్న ముద్దనూరు ఆమె. పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, ఒక దాంట్లో కెమెరా కడ్డీ, మిగతా వాటిలో పొడుగాటి కత్తెర, పట్టకార్లు పంపి చేసే ఆపరేషన్. మేడం చేతులు లోపల పని చేస్తాయి. ఆ లోపల ఏముందో ఆమెకు తెరమీద చూపించే చెయ్యి నాది. ఈ రోజు అది నీ ఇనుము. నా మిగతా పని ఒక కొత్తమ్మాయికి ఇచ్చారు.

మేడం ఇప్పుడు ఎటు పోబోతున్నారో ఆమె భుజం కదిలితే నాకు తెలిసిపోతుంది. మా ఇద్దరి మధ్య మాటలుండవు. నేను ఆ ఆసుపత్రిలో చేరింది నేల తుడవడానికి. తుడుస్తూ తుడుస్తూ తెర చూసి నేర్చుకున్నాను. కెమెరా పట్టుకునే మనిషి రాని రోజు మేడం కడ్డీ నా చేతికిచ్చారు. ఆ తర్వాత ఇంకెవరికీ ఇవ్వలేదు. సర్టిఫికెట్ లేనిదానికి ఇంత టెక్కెందుకని వెనక అంటారు. అననీ. ఆ టెక్కు నాకెవరూ దానమివ్వలేదు.

నువ్వేనని ఎలా తెలిసిందంటావా? కెమెరాను కరిచి పట్టుకున్న బిగింపుకు ఇత్తడి మర ఉంది. దాని అంచున ఆకురాయితో పూరేకుల్లాగా గాట్లు పెట్టి ఉన్నాయి. ప్రొద్దుటూరు కంసాలులకు పనిముట్లు చేసేవాళ్లలో ఆ గాట్లు పెట్టేది నువ్వొక్కడివే. అప్పుడు గుర్తొచ్చింది. ఎండాకాలంలో మీ ఇంటికి రెండోసారి వచ్చినప్పుడు నా చేతికి అప్పడాల కర్ర ఇచ్చి, కెమెరా ఎలా పట్టుకుంటావో చూపించమన్నావు. చూపించాను. మోచేతి నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి వేళ్లకు దారం పెట్టి కొలిచావు. గాజు చేయిస్తున్నావేమో అనుకున్నాను. నవ్వుతూ నిలబడ్డాను కూడా. ఆ నవ్వు తలచుకుంటే నా మీద నాకే మంటగా ఉంది.

ఫోను చేద్దామంటే లేతు మిషను నీ చెవులు ఎప్పుడో తినేసింది. అత్త ఎత్తి, నేను చెప్పిన దాంట్లో కారం తీసేసి చప్పిడి మాటలు నీ చెవిలో అరుస్తుంది. అందుకే రాస్తున్నాను. ఈ కాగితం జమ్మలమడుగు బస్సు కండక్టర్ జాఫర్ అన్న నీ షాపు ముందు దిగి ఇస్తాడు. ఎందుకు చేశావో ఆయన చేతికే రాసి పంపు.

తనూజ


జమ్మలమడుగు,
జూన్ 14.

చిరంజీవి తనూజకు నీ మామ ఆదినారాయణ దీవెనలతో రాసేది.

జాఫర్ వచ్చేసరికి షాపులోనే ఉన్నాను. నీ ఉత్తరం చదివి, లేతు ఆపి, కాసేపు బయట బెంచీ మీద కూర్చున్నాను. ఇక్కడ ఇంకా వాన పడలేదు. పొద్దునే ఇనుము ముట్టుకుంటే కాలుతోంది. మీ అత్త కొత్తగా నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. సీసా జాఫర్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. కోపంలో విసిరేయొద్దు, సీసా మళ్లీ కావాలంట.

నువ్వు రాసినట్టు ఆ చెయ్యి నేను తయారుచేసింది కాదు. బెంగళూరులో ఎవరో వాడి అమ్మేసిన దాన్ని మీ మేడం ఎప్పుడో కొన్నారు. కీళ్లు జారిపోతున్నాయని స్టోరులో పడేశారు. నేను కీళ్లు సరిచేసి, కెమెరాకు బిగింపు ఒకటి కొత్తగా చేశాను. ఆ బిగింపు ఎంత ఎత్తులో ఉండాలో, ఎంత వాలుగా ఉండాలో నాకేం తెలుస్తుంది? అందుకని నీ చెయ్యి కొలిచాను. కొలత బాగా రావాలంటే ఆ పని బాగా తెలిసిన చెయ్యి దొరకాలి కదా. పని వచ్చింది, చేశాను. అంతే.

ఇది రాస్తుంటే మీ అత్త తిరుపాలమ్మ వెనక నుంచి తొంగి చదివి నా చెవిలో అరిచింది. "సగమే రాస్తాండావు. మిగతా సగం ఆ పాపకు ఎవరు రాయల్ల, నేనా?" ఆమె అరుపు నాకే వినబడిందంటే బస్టాండు దాకా వినబడే ఉంటుంది. పోయి పొయ్యి చూసుకో అన్నాను. పోయింది గానీ అక్కడ గిన్నెలు గట్టిగా పెడుతోందని నేల అదురుతుంటే తెలుస్తోంది.

నువ్వు ఆ టేబుల్ దగ్గర ఎలా నిలబడతావో నేను చూడలేదు. కానీ రాసిన తీరు చదివితే చూసినట్టే ఉంది. నీ పనికి అడ్డం వస్తుందని మాత్రం అనుకోలేదమ్మా.

భుజానికి పడుకునే ముందు వేడినీళ్ల కాపడం పెట్టుకో. తడి బట్టలు తీగ మీద ఆరేసే పని కొన్నాళ్లు వేరే వాళ్లకు అప్పగించు.

నీ మామ,
ఆదినారాయణ


ప్రొద్దుటూరు,
జూన్ 17.

నా భుజం సంగతి నీకెవరు చెప్పారు?

నేను చెప్పలేదు. పెళ్లై పులివెందులలో ఉన్న మా రూప అక్కకే చెప్పలేదు. నాతో ఒకే గదిలో ఉంటున్న నర్సు ఆర్షియాకు కూడా తెలియకుండా నొప్పి మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకున్నాను. నువ్వు కాపడం పెట్టుకోమని రాశావు. అది చదివాక నేరుగా రమణి మేడం గదిలోకి పోయి అడిగాను.

ఆమె దాచలేదు. "మీ మామ వచ్చినాడు తనూజా. పాప చెయ్యి ఎత్తలేకపోతాంది, మీరేమన్నా చూడండి అని అడిగినాడు. రోజూ నా పక్కన నిలబడే మనిషి నొప్పి నాకంటే ముందు ఆయనకు తెలిసిందే అని నాకు తల ఎత్తబుద్ధి కాలేదు" అన్నారు. స్టోరులో ఒక పాత చెయ్యి ఉంది, పనికిరాదు అని ఆమె అంటే, ఇవ్వండి చూస్తాను అని సంచిలో వేసుకుని పోయింది నువ్వేనంట. పని రాలేదు మామా. నువ్వే పోయి అడిగి తెచ్చుకున్నావు. అత్త అన్న మిగతా సగం ఇదే కదా?

నొప్పి ఎందుకు దాచానో తెలుసా? చెబితే టేబుల్ దగ్గర నుంచి తీసేస్తారని. తీసేశారు. ఇప్పుడు నేను సామాన్లు ఉడకబెట్టే గదిలో ఉన్నాను. ఆపరేషన్ అయిపోయాక నెత్తురు మరకలతో వచ్చిన కడ్డీలు కడిగి, లెక్కపెట్టి, మూట కట్టి, ఆవిరి పెట్టెలో పెడతాను. అది తక్కువ పని కాదు, నాకు తెలుసు. కానీ గోడకు అవతల మేడం ఆగితే, ఎందుకు ఆగారో తెలియక నా కాళ్లు ఒక్క చోట నిలవడం లేదు.

కొండాపురం పక్కన మా ఊరు రిజర్వాయరు నీళ్లలో మునిగినప్పుడు నేను చిన్నదాన్ని. కానీ టేపు పట్టుకుని మా ఇంట్లోకి వచ్చిన వాళ్లు గుర్తున్నారు. గోడలు కొలిచారు, గడప కొలిచారు, పెరట్లో నిమ్మచెట్టు చుట్టుకొలత కూడా తీసుకున్నారు. మంచినీళ్లు అడిగి తాగారు. పోతారా, ఉంటారా అని మాత్రం అమ్మను అడగలేదు. ఊరికి బదులుగా ఇచ్చిన కొత్త కాలనీ ఇంట్లో అమ్మ ఎక్కువ కాలం బతకలేదు కూడా. అప్పుడు నన్ను తెచ్చి నీ ఇంట్లో పెట్టుకున్నావు. మామ అడుగుతాడు, మామ అడగకుండా ఏమీ చేయడు అనుకుంటూ పెరిగాను. పెరుగన్నమా, చారన్నమా అని కూడా అడిగి పెట్టేవాడివి. మరి ఇది ఎందుకు అడగలేదు? నువ్వూ దారం పట్టుకుని వచ్చావు, కొలుచుకుని పోయావు.

రేపు పులివెందులకు రూప అక్క దగ్గరికి పోతున్నాను. అక్కడ స్కానింగ్ సెంటర్లో పేర్లు పిలిచే పని ఉందంట. దానికి గొంతు ఉంటే చాలు. నీ ఊరగాయ సీసా ఆర్షియా దగ్గర ఉంది.

నాకు రాయొద్దు.

తనూజ


జమ్మలమడుగు,
జూన్ 24.

తనూజమ్మా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. పులివెందులకు జాఫర్ బస్సు పోదు కాబట్టి పోస్టులో వేస్తున్నాను. ఇష్టం లేకపోతే చదవకుండా పక్కన పెట్టుకో.

ఎండాకాలంలో మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు మీ అత్త తడి చీర నీ చేతికిచ్చి తీగ మీద వేయమంది. రెండు చేతులూ ఎత్తావు. సగంలో ఆగిపోయాయి. ఎవరైనా చూస్తున్నారేమో అని అటూ ఇటూ చూశావు. చూడలేదనుకుని, చీరను ఉండ చుట్టి, కింద నుంచి తీగ మీదికి విసిరావు. పడింది. అప్పుడు నీ మొహంలో గెలిచినట్టు ఒక నవ్వు వచ్చింది చూడు, అది చూడలేక నేను లోపలికి పోయాను.

ఎందుకంటే ఆ చూపు నాకు తెలుసు. నా చెవులు పోతున్న రోజుల్లో నేనూ అలాగే అటూ ఇటూ చూసేవాణ్ణి. ప్రొద్దుటూరులో పెద్ద షాపులో పనిచేస్తున్నప్పటి మాట. షావుకారు ఏదో అంటాడు, అందరూ నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి, అందరూ తలూపితే ఊపేవాణ్ణి. తెలిస్తే మిషను దగ్గర నుంచి తీసేస్తారని భయం. అందరికంటే ముందు మీ అమ్మ పట్టేసింది. అన్నా, కొన్నాళ్లు ఆ చప్పుడులో నిలబడొద్దు అంది. నాకేం కాలేదు, నీ పని చూసుకో అని మీదికి పోయాను. ఆమె పోయి తన పని చూసుకుంది. నన్ను అడగకుండా వచ్చి ఎవరైనా నా మిషను బెల్టు తెంచేసి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

అందుకే అడగలేదు. అడిగితే నువ్వు లేదంటావు. నేనూ లేదన్నవాణ్ణే, నాకు తెలియదా? నువ్వు తిట్టినా ఫరవాలేదు, చెయ్యి మిగిలితే చాలనుకున్నాను. ఆ బిగింపుకు గాట్లు పెట్టేటప్పుడు సంతోషంగానే పెట్టాను. మా పాప నొప్పి ఇది మోస్తుంది అనుకున్నాను.

నీ ఊరి సంగతి చదివాక ఆకురాయి చేతికి పట్టడం లేదు. టేపు పట్టుకుని వచ్చినవాళ్లకు నువ్వెవరో తెలియదు. నాకు తెలిసి కూడా అడగలేదు. ఇది సరిచేసే మర నా దగ్గర లేదు. నీకు తోస్తే చెప్పు.

మామ

పాపా, నేను మీ అత్తను. మీ మామ సరిగా అన్నం తినడం లేదు. ఏందయ్యా అంటే నా వంట బాగలేదంటాడు. ఇన్నేండ్లు తిని ఇప్పుడు తెలిసిందా బాగలేదని? రెండు ముక్కలు రాయి. తిట్టే రాయి, ఫరవాలేదు.


పులివెందుల,
జూలై 5.

మామా,

నీ ఉత్తరం చదివాను. అక్క లేనప్పుడు ఒకసారి, ఉన్నప్పుడు ఒకసారి. కోపం పోలేదు. అన్నం తిను.

ఇక్కడ పని మెత్తగా ఉంది. ఏసీ గది, కుర్చీ. సింహాద్రిపురం నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి గర్భిణులు వస్తారు, పేరు పిలుస్తాను, లోపలికి పోతారు. బావ అరటి మండీ నుంచి రోజూ ఒక గెల తెస్తాడు. అరటికాయ కూర, అరటికాయ వేపుడు, అరటిపండు. భుజం నొప్పి తగ్గింది. అది తగ్గడమే నాకు కష్టంగా ఉంది. నొప్పి ఉన్నన్నాళ్లూ నేను ఆ టేబుల్ మనిషినే అనిపించేది.

మొన్న ఆర్షియా వచ్చింది. ఆ ఇనుప చెయ్యి ఎలా ఉందని నేను అడగలేదు, అదే చెప్పింది. కడ్డీని కదలకుండా పట్టుకుంటుందంట, తెర మీద బొమ్మ వణకదంట. అంతవరకు నీ పని బాగుంది. కానీ లోపల పొగ లేచి అద్దం మసకబారితే మేడం చేతిలో పని ఆపి, మర వదులుచేసి, కడ్డీ బయటికి తీసి, తుడిచి, మళ్లీ లోపలికి పంపి, మళ్లీ బిగించాలి. కాస్త పక్కకు చూడాలన్నా అంతే. చూపుకు మనిషి కావాలి అని మేడమే అన్నారంట.

అసలు సంగతి అది కాదు. ఆర్షియా ఇంకొకటి చెప్పింది. నా స్థానంలో పట్టకారు పట్టుకుంటున్న కొత్తమ్మాయి చెయ్యి సగం ఆపరేషన్ కాకముందే వణికిపోతోందంట. మేడం ఆగి, ఆమె చెయ్యి దించుకుని విదిలించుకునేదాకా చూస్తున్నారంట. అది విన్నాక నాకు నీ మీద నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

మామా, నాకు రెండు చేతులున్నాయి. కుడిచేతిలో కెమెరా ఉంటుందని నీకు తెలుసు. ఎడమచేతిలో ఏముంటుందో అడిగావా? పొడుగాటి పట్టకారు. దాంతో పిత్తాశయం కొనను పట్టి, కాలేయంతో సహా పైకి ఎత్తి పెట్టాలి. చెట్టు కొమ్మను ఎత్తి పట్టుకుంటేనే కింద నిలబడ్డవాళ్లకు కాయ కనబడినట్టు, అలా ఎత్తితేనే మేడం కోయాల్సిన చోటు కనబడుతుంది. ఒకసారి ఎత్తాక ఆపరేషన్ అయ్యేదాకా కదపకూడదు. ముక్కు దురద పెట్టినా అంతే, కాళ్లు తిమ్మిరెక్కినా అంతే. కెమెరా చెయ్యి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, దానికి అలుపు తెలియదు. కదలని చెయ్యి మీదే బరువంతా. నా నొప్పి ఎడమ భుజంలో ఉంది మామా. నువ్వు బాగున్న చేతికి సాయం చేశావు.

అడిగి ఉంటే ఒక్క మాటలో చెప్పేదాన్ని. అడగకపోవడమంటే ఇదీ. ఇది తిట్టడానికే రాస్తున్నాను. కానీ తిట్టడానికి మాత్రమే కాదు.

తనూజ


జమ్మలమడుగు,
జూలై 9.

తనూజమ్మా,

నీ ఉత్తరం చేతిలో పెట్టుకుని షాపులో చాలాసేపు నవ్వాను. పక్క షాపు వాళ్లు నాకేదో అయిందనుకుని వచ్చి చూసిపోయారు.

జీవితమంతా కంసాలుల మధ్య తిరిగినవాడి బుర్ర ఇలాగే పోతుంది. వాళ్ల దగ్గర అలిసేది కదిలే చెయ్యి. సుత్తి పట్టేది, ఊదే గొట్టం పట్టేది, ఆకురాయి తోసేది. ఇంకో చెయ్యి ఊరికే నగను పట్టుకుని ఉంటుంది, దాని బాధ ఎవరూ అడగరు. అది కూడా అలిసిపోతే ఒక పట్టకారు, ఒక దిమ్మె చాలు. నా షాపుకు వచ్చే ప్రతివాడూ కుడి మణికట్టు చూపించి మూలిగేవాడే. నువ్వు చీర దగ్గర రెండు చేతులూ దించేస్తే, కెమెరా చెయ్యే పోయిందని తేల్చేశాను. అది తప్ప ఇంకొకటి నాకు తోచనే లేదు.

నిన్న ఎడమచేతిలో చెంబు నిండా నీళ్లు పట్టుకుని, చెయ్యి చాచి, కదలకుండా నిలబడి చూశాను. మీ అత్త వచ్చి చూసి, "ఎవరు కొట్టినారు నిన్ను? బడిలో నిలబెట్టినట్టు నిలబడుకోండావు" అంది. నవ్వబోయి చెంబు వదిలేశాను. నీళ్లన్నీ ఆమె ముగ్గు మీద పడ్డాయి. ఆ తర్వాత ఆమె అన్నది రాయను. కానీ భుజం పొద్దుటి దాకా లాగింది. నువ్వు అంతంతసేపు ఎలా నిలబడ్డావమ్మా?

ఇప్పుడు అడుగుతున్నాను. ఆ పట్టకారు పట్టుకోవడానికి ఇనుప చేతికి ఇంకో బిగింపు చేయనా? కెమెరా నీ దగ్గరే ఉంటుంది. ఎత్తి పట్టే పని ఇనుము చేస్తుంది. నువ్వు వద్దంటే చేయను. కావాలంటేనే మొదలుపెడతాను.

కావాలంటే ఒక కష్టం ఉంది. కంసాలి పట్టకారు ఎంత గట్టిగా పట్టినా బంగారం ఏమీ అనదు. ఇక్కడ లోపల ఉన్నది మనిషి. మత్తులో ఉన్నా పొట్ట ఎగిరిపడొచ్చు, టేబుల్ వంచొచ్చు. మనిషి చెయ్యి అయితే అప్పుడు తనంతట తాను కాస్త వదులుతుంది. ఇనుముకు ఆ బుద్ధి లేదు, మనమే పెట్టాలి. కీలులో తోలు బిళ్ల ఒకటి వేసి, లాగుడు ఎక్కువైతే జారేటట్టు చేయగలను. కానీ ఎంత లాగితే జారాలి? అది నీ చేతికే తెలుసు. జమ్మలమడుగులో కూర్చుని దారంతో కొలిచేది కాదు.

అందుకని కీలు వదులుగా ఉంచి జాఫర్ చేతికి ఇస్తాను. ప్రొద్దుటూరులో నువ్వే బిగించుకో. నేను రాలేను. పోయినసారి వచ్చినప్పుడు మేడం మొదట్లో మాట్లాడిన దాంట్లో కొంత పెదాలు చూసి తెలుసుకున్నాను. థియేటర్లోకి తీసుకుపోయాక అందరూ మాస్కులు వేసుకున్నారు. చూడటానికి పెదాలు కూడా లేవు. ఏమడిగినా తలూపుతూ నిలబడ్డాను. మాస్కు పైన ఒక నర్సు కళ్లు నన్ను చూసి నవ్వాయి. పనిమంతుడిగా పోయి చెవిటివాడిగా వచ్చాను. మళ్లీ ఆ గుమ్మం ఎక్కమని అడగొద్దు తల్లీ.

నీ మామ


ప్రొద్దుటూరు,
జూలై 15.

మామా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. కావాలి. మొదలుపెట్టు.

నేను నిన్న ప్రొద్దుటూరు వచ్చేశాను. మేడం దగ్గరికి పోయి, నొప్పి ఎడమ భుజంలో ఉందని, ఇన్నాళ్లూ దాచానని నా నోటితోనే చెప్పాను. ఆమె తిట్టలేదు. అక్కడికక్కడే ఎముకల డాక్టరు దగ్గరికి పంపారు. నరం నలిగింది, చెయ్యి ఎత్తి కదలకుండా పట్టుకునే పని ఇంక చేయకూడదు, మిగతావి వ్యాయామంతో సర్దుకుంటాయి అని ఆయన అన్నారు. కాబట్టి సంగతి ఇంత. ఆ పట్టకారు పట్టుకునేది ఏదో ఒకటి దొరికితేనే నేను మళ్లీ టేబుల్ దగ్గర నిలబడతాను. దొరకకపోతే లేదు. ఇంకో దారి లేదు.

నీ తోలు బిళ్ల సంగతి మేడంకు చదివి వినిపించాను. ఇనుప చేతికి పట్టకారు అప్పగిద్దామని ఆమె కూడా అనుకున్నారంట, కాలేయం చీరుకుపోతుందేమో అనే భయంతో ఆగారంట. నువ్వు రాసిన భయమూ అదే అని తెలిసి ఆమె మొహం తేలికపడింది. "ముందు పెట్టె మీద చూద్దాం. నీ చెయ్యి యాడ వదులుతుందో అది ఆడ వదిలితే మనిషి మీద పెట్టే మాట ఆలోచిస్తా. వదలకపోతే స్టోరుకే" అన్నారు. కొత్త డాక్టర్లకు చెయ్యి తిరగడానికి రంధ్రాలున్న ఒక పెట్టె ఉంది మా దగ్గర. దాంట్లో కోడి కాలేయం పెట్టి చేస్తాం. శనివారం ఆపరేషన్లు లేవు, మేడం పొద్దునంతా మనకు ఇచ్చారు. సోమవారం కడప నుంచి డిప్లొమా చదివిన అబ్బాయి వస్తున్నాడు. శనివారం పెట్టె మీద కుదరకపోతే కెమెరా అతని చేతికి పోతుంది. అతనేం తప్పు చేయలేదు, మేడం కూడా చేయలేదు. రోగులు ఆగరు.

జాఫర్ అన్న చేతికి పంపుతానన్నావు. వద్దు. నాకు కీలు ఒక్కటే వస్తే చాలదు. ఆ పెట్టె ముందు నేను పట్టకారు ఎత్తి పట్టుకుంటాను. నా చెయ్యి మీద నువ్వు చెయ్యి పెట్టు. ఎంత లాగుతున్నానో, ఎక్కడ వదులుతున్నానో నీ వేళ్లకు తెలుస్తుంది, దానికి చెవులు అక్కర్లేదు. అక్కడికి మర బిగించు. ఈసారి కొలత నేనే ఇస్తున్నాను. ఇవ్వాలని ఇస్తున్నాను.

మాస్కుల గొడవ ఉండదు. కోడి కాలేయానికి మాస్కు ఎవరూ వేసుకోరు. మేడం నీ ఎదురుగా నిలబడి మాట్లాడతారు, అడిగాను. అర్థం కాకపోతే తలూపొద్దు, నా మొహం చూడు, నేను మళ్లీ చెబుతాను. ఎన్నిసార్లైనా చెబుతాను. ఇంకో మాట. ఆ రోజు నిన్ను చూసి నవ్విన నర్సు ఆర్షియానే. నిలబెట్టి అడిగాను. నీ చెవులకు కాదంట. థియేటర్ చెప్పులు రెండూ ఎడమవే వేసుకుని హుందాగా నడిచావంట. నువ్వొస్తే బిర్యానీ పెట్టి తప్పు దిద్దుకుంటానంటోంది.

నువ్వు నా చెయ్యి మిగలాలనుకున్నావు. నేను నా పని మిగలాలనుకున్నాను. ఇద్దరం ఒకరికొకరం చెప్పకుండా కొట్లాడుకున్నాం. నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అది పోవాలంటే నువ్వు మనిషిగా ఎదురుగా రావాలి, ఊరగాయ పంపితే పోయేది కాదు.

శనివారం పొద్దున మొదటి బస్సుకు రావాలి. అత్తను కూడా తీసుకురా, దారిలో దిగిపోకుండా నిన్ను పట్టుకుంటుంది. వస్తున్నానని ఒక్క మాట రాసి, గురువారం సాయంత్రం జాఫర్ అన్న బస్సు ప్రొద్దుటూరు చేరేసరికి నా చేతికి అందేటట్టు పంపు. బస్టాండులో నిలబడి ఉంటాను. ఆ బస్సులో జవాబు లేకపోతే అదే బస్సు ఎక్కి జమ్మలమడుగు వస్తాను, నిన్ను తీసుకుని గానీ తిరిగి రాను.

గురువారం సాయంత్రం మామా. దాటనివ్వొద్దు.

తనూజ